కిక్కిరిసిన అరలో వస్తువు వెతుక్కోగలరా?

మా మందుల షాపులో పద్నాలుగు ర్యాకులున్నాయి. ఇరవై ఆరేళ్ళుగా అదే షాపు, అవే ర్యాకులు. ఏ అరలో ఏ మందుందో కళ్ళు మూసుకుని తీసిస్తానని వచ్చినవాళ్ళందరి దగ్గరా గొప్పలు పోయేవాణ్ణి. ఆ మాట మా ఆవిడకి బాగా గుర్తు. సందర్భం దొరికితే ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది.

మాది తుని. నాకు యాభై మూడేళ్ళు. షుగర్ వచ్చి పదిహేనేళ్ళు. అది బయటపడింది కూడా షాపులోనే. ఓ కంపెనీ కుర్రాడు కొత్త గ్లూకోమీటర్ ఎలా పనిచేస్తుందో చూపిస్తానని నా వేలే పట్టుకుని గుచ్చాడు. 286 వచ్చింది. మిషన్‌లో తేడా ఉందేమోనని రెండో వేలు గుచ్చాడు. 291. మిషన్ బాగానే ఉంది.

డీఫార్మసీ చదివినవాణ్ణి, చుట్టూ మందులే. మొదటి రెండేళ్ళు మా ఊరి డాక్టరుగారి చీటీ ప్రకారం వాడాను. ఆ తరవాత నా వైద్యం నేనే చేసుకున్నాను. షుగర్ పెరిగితే ఓ మాత్ర పెంచడం, తగ్గితే తీసేయడం. మూడు మందులు కలిపిన మాత్ర ఒకటి బాగా పనిచేస్తోందనిపించి, దాన్ని ఏళ్ళ తరబడి మింగాను. మూడేళ్ళ కిందట ఇన్సులిన్ మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడే మళ్ళీ డాక్టరుగారి గడప తొక్కింది.

కళ్ళ సంగతి నీకెవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. చీటీ అడుగున 'కంటి పరీక్ష' అని రాసేవారు. నేను కళ్ళజోళ్ళ షాపుకెళ్ళి పవర్ చూపించుకుని, అయిపోయిందనుకునేవాణ్ణి. మా దగ్గర చాలామందికి కంటి పరీక్ష అంటే అద్దాలు, లేదంటే శుక్లం. చుక్కలు వేసి కంటిపాపని పెద్దది చేసి వెనక పొరని, అంటే రెటీనాని చూడాలనీ, మాలాంటి పెద్దవయసు షుగర్ వాళ్ళు జబ్బు తేలిన ఏడాదే ఒకసారి అలా చూపించుకుని తరవాత ఏటా చూపించుకోవాలనీ నాకు తెలియక కాదు. కనిపిస్తున్నంత కాలం కంటి గురించి ఎవరాలోచిస్తారు? నొప్పి ఉండదు, ఎర్రబడదు, నీరు కారదు. చార్టులో ఆఖరి వరస గడగడా చదివే మనిషి కంట్లో కూడా జబ్బు చాలా దూరం వెళ్ళిపోయి ఉండొచ్చు.

నా విషయంలో మొదట వంగింది ర్యాకు. నిరుడు సంక్రాంతి వెళ్ళాక ఓ మధ్యాహ్నం కౌంటర్ దగ్గర కూర్చుని చూస్తే, ఎదురుగా మూడో ర్యాకు అంచు మధ్యలో లోపలికి నొక్కినట్టు కనిపించింది. బరువుకి రేకు వంగిందేమోనని లేచి వెళ్ళి చేత్తో తడిమాను. తిన్నగానే ఉంది. ఎడమకన్ను మూస్తే వంకర, కుడికన్ను మూస్తే తిన్నన. వారం రోజులు ఇదే ఆట. గుమ్మం, కిటికీ చువ్వలు, కరెంటు స్తంభం, ఏది చూసినా కుడికంటికి కాస్త వంగేది. కళ్ళజోడు మార్చాను. రెండు నెలలకి ఇంకోటి మార్చాను. ఆ రెండూ ఇప్పుడు సొరుగులో ఉన్నాయి.

తరవాత జరిగింది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఓ పెద్దాయనకి షుగర్ మాత్ర గ్లిమిపిరైడ్ 1 మిల్లీగ్రాము ఇవ్వాల్సింది పోయి 4 స్ట్రిప్పు తీశాను. ఒకే కంపెనీ, ఇంచుమించు ఒకే పెట్టె, అంకె ఒక్కటే తేడా. బిల్లు కొడుతున్న కుర్రాడు "సార్, ఇది నాలుగండి" అని ఆపాడు. అది ఆయన ఇంటికి చేరి ఉంటే ఏమయ్యేదో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? పొద్దున్నే మాత్ర వేసుకుని టిఫిన్ కాస్త ఆలస్యమైతే చాలు, షుగర్ పడిపోయి మనిషి కూలబడతాడు. ఆ రోజునుంచి నేను తీసిన ప్రతి మందూ కుర్రాడు ఒకసారి పైకి చదివాకే కవర్లో పెట్టాలని రూలు పెట్టాను. ఎందుకో మాత్రం వాడికి చెప్పలేదు. రష్ ఎక్కువైంది కదా అన్నాను.

అప్పటికైనా ఆస్పత్రికి వెళ్ళానా అంటే, లేదు. జూన్‌లో ఓ పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఎడమకంట్లో, అంటే బాగున్న కంట్లో, నల్లటి దారం ఒకటి జారింది. నీళ్ళ గ్లాసులో సిరాచుక్క పడితే ఎలా విచ్చుకుంటుందో అలా విచ్చుకుంది. నలక పడిందనుకుని నీళ్ళు కొట్టుకున్నాను. దారాలు ఎక్కువయ్యాయి. టీ తాగేలోపు ఆ కంటి ముందు సాలెగూడు కట్టినట్టయింది. "కాసేపు పడుకోండి, తగ్గుద్ది" అంది మా ఆవిడ. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయికి ఫోన్ చేస్తే వాడు గట్టిగా అరిచాడు. "నాన్నా, ఇవాళే వైజాగ్ వెళ్ళు. రేపు కాదు, ఇవాళే."

వైజాగ్‌లో పెద్ద కంటి ఆస్పత్రికి వెళ్ళాం. గోడ మీది అక్షరాలు కుడికంటితో మూడు వరసలు వచ్చాయి. ఎడమకంటితో అక్షరాల ఊసే లేదు, ఎదురుగా నిలబడి ఎన్ని వేళ్ళో చెప్పమన్నారు. తరవాత చుక్కలు. వేయడం, కళ్ళు మూసుకుని కూర్చోవడం, మళ్ళీ వేయడం. ఆ చుక్కలు పడ్డాక బయటికొస్తే ఎండ గుచ్చుకుంటుంది, ఫోన్‌లో అక్షరం కనపడదు. ఒంటరిగా రాకూడదనీ, నల్లద్దాలు తెచ్చుకోవాలనీ, రోజంతా దీనికే పోతుందనీ మొదటిసారే తెలిసొచ్చింది.

ఓసీటీ అని ఓ స్కానింగ్ ఉంది. గడ్డం ఆనించి లోపల కనిపించే గుర్తు వైపు కాసేపు చూస్తే చాలు, రెటీనాని అడ్డంగా కోసి చూపించినట్టు తెర మీద బొమ్మ వస్తుంది. డాక్టరమ్మగారు మా అబ్బాయికంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, అంతే. "మధ్యలో ఇక్కడ చిన్న గుంట ఉండాలండి. మీకు గుట్ట ఉంది" అన్నారు. మందం 486 మైక్రాన్లు. ఆ మధ్యభాగం మామూలుగా 250 చుట్టుపక్కల ఉండాలట. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పావు మిల్లీమీటరు ఉండాల్సింది అర మిల్లీమీటరు అయిందన్నమాట. ఆ మాత్రం వాపుకే మా ఇనపర్యాకు వంగింది.

ఆ మర్నాడు చేతి నరంలోకి పసుపురంగు మందు ఎక్కించి కంటికి వరసగా ఫొటోలు తీశారు. కడుపులో తిప్పింది కానీ వాంతి అవలేదు. ఆ రోజంతా ఒళ్ళూ పచ్చగానే, మూత్రమూ పచ్చగానే. ఇంటికొచ్చేసరికి పక్కింటావిడ నన్ను చూసి కామెర్లేమోనని పసరుమందు వేసే ఊరి పేరు కూడా చెప్పేసింది.

డాక్టరమ్మగారు ఓపిగ్గా చెప్పారు. ఎక్కువ షుగర్, దానికి తోడు బీపీ, కలిసి ఏళ్ళ తరబడి రెటీనాలోని సన్నటి రక్తనాళాలను పాడుచేస్తాయి. కొన్ని కారతాయి. చూపుకి కేంద్రమైన చోట అలా కారితే అక్కడ వాపు వస్తుంది. అది నా కుడికన్ను. కొన్ని పూర్తిగా మూసుకుపోతాయి. రక్తం అందని చోటు ఊరుకోదు, కొత్త నాళాలు కావాలని కబురు పెడుతుంది. అలా మొలిచిన నాళాలు గట్టివి కావు, ఊరికే చిట్లి కంట్లో రక్తం కారుతుంది. అది నా ఎడమకన్ను. వింటుంటే నాకు మా తాండవ కాలువ గుర్తొచ్చింది. శివారు పొలాలకి నీరందకపోతే ఎవరో ఒకరు రాత్రికి రాత్రి గట్టుకి గండి కొడతారు. నీళ్ళొస్తాయి, గట్టు పోతుంది, ఆఖరికి పొలం మునుగుతుంది. ఆ మాటే అంటే ఆవిడ నవ్వి, "సరిగ్గా అదేనండి, ఇప్పుడు ఆ గండ్లు పూడ్చాలి" అన్నారు.

మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.8. బీపీ 168/100. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. నేను వాడుతున్న మందుల కాగితం చూస్తూ మూడు మందుల మాత్ర దగ్గర ఆగారు. అందులో పయోగ్లిటజోన్ ఉంది. ఒంట్లో నీరు నిలుపుతుంది, కాళ్ళవాపు వస్తే చెప్పండి అని మా షాపుకొచ్చేవాళ్ళకి నేనే చెబుతాను. కంట్లో ఇలాంటి వాపు ఉన్నవాళ్ళకి అది మంచిది కాదట. షుగర్ డాక్టరుగారితో మాట్లాడి మార్పించుకోమన్నారు. "ఇది ఎవరు రాశారండీ మీకు?" అనడిగారు. మా ఆవిడ నావైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండర్ వైపు చూశాను, అది నాకు కనిపించకపోయినా.

వైద్యం రెండు రకాలు చెప్పారు. కుడికంటికి ఇంజెక్షన్లు. ఎడమకంటికి రక్తం కొంచెం కిందికి దిగాక లేజరు. అంతవరకూ తలకింద రెండు దిండ్లు పెట్టుకుని, తల ఎత్తుగా ఉండేలా పడుకోవాలి. రక్తం దానంతట అది కరగకపోతే ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుందన్నారు. నా అదృష్టం, నెల తిరిగేసరికి చాలావరకు కరిగింది.

ఇంజెక్షన్ కంట్లోనే. రోజూ సూదులు అమ్మేవాణ్ణయినా ఆ మాట వినగానే కాళ్ళు చల్లబడ్డాయి. ఏ మందని అడిగాను, వృత్తి అలవాటు. కొత్త నాళాలు మొలవమని వెళ్ళే కబురుని అడ్డుకునే మందులు. బెవాసిజుమాబ్ పెద్దపేగు కేన్సర్‌కి తయారైన మందు, దాన్ని కంటికీ వాడుతున్నారు, ధర నాలుగంకెల్లో తేలుతుంది. కంటికోసమే చేసినవి రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్. వాటి ధర అంతకంటే ఎక్కువ. ఒకటి రెండు సూదులతో అయ్యే పని కాదు, మొదట్లో నెలనెలా, తరవాత వాపుని బట్టి దూరం పెంచుతూ. నేను లెక్క వేసుకుని మొదటిదే ఎంచుకున్నాను.

థియేటర్లో గౌను, టోపీ వేశారు. మత్తుచుక్కలు, కంటిచుట్టూ గోధుమరంగు బెటాడిన్, మొహం మీద కన్ను ఒక్కటే బయటికుండేలా గుడ్డ, రెప్ప పడకుండా క్లిప్పు. ఆ క్లిప్పే కాస్త ఇబ్బంది. "పైకి చూడండి" అన్నారు. ఎవరో బొటనవేలితో కంటిగుడ్డుని అదిమినట్టయింది, అంతే. పది లెక్కపెట్టేలోపు అయిపోయింది. లేచాక చూపులో అడుగున రెండు నల్లటి గోళీలు దొర్లుతూ కనిపించి హడలిపోయాను. అవి గాలి బుడగలట, తెల్లారేసరికి పోయాయి. నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా ఎంత రాత్రయినా ఫోన్ చేయమన్నారు. ఇన్ఫెక్షన్ అరుదేగానీ వస్తే గంటల్లో లెక్కట. ఇప్పటికి కుడికంటికి ఏడు పడ్డాయి, తరవాత ఎడమకంటికీ అవసరమై మూడు పడ్డాయి. సూది భయం పోయింది. ముందురాత్రి నిద్రపట్టకపోవడం మాత్రం అలాగే ఉంది.

లేజరు గురించి తక్కువ చెప్పారు, కష్టం దాంతోనే ఎక్కువ. మూడు విడతలుగా ఎడమకంట్లో వెయ్యికి పైగా మచ్చలు కాల్చారు. ప్రతి మచ్చకీ ఆకుపచ్చ మెరుపు. కొన్నిచోట్ల తల వెనక్కి సూటిగా పోటు. రక్తం అందక కబుర్లు పంపే అంచుల్ని కాల్చేస్తే ఆ పోరు తగ్గుతుంది, నడిమి చూపు దక్కుతుంది. శివార్లు వదిలేసుకుని ఊళ్ళో పొలాలు కాపాడుకోవడమే. ఫలితం బాగుంది, కొత్త నాళాలు ముడుచుకుపోయాయి. బదులుగా ఆ కంటికి పక్కచూపు, చీకటిచూపు తగ్గాయి.

చీకటిచూపు అంటే ఏమిటో ఆషాఢంలో లోవ తలుపులమ్మ తల్లి కొండ మీద తెలిసింది. ఎక్కడం ఎక్కేశాను. దిగేసరికి మసకపడింది. మెట్ల అంచులన్నీ కలిసిపోయి ఏటవాలు బండలా కనిపించాయి. ఎక్కడ కాలు పెట్టాలో తెలియలేదు. జనం వెనకనుంచి తోసుకొస్తున్నారు. చిన్నప్పట్నుంచీ పరిగెత్తిన మెట్ల మీద మా ఆవిడ భుజం పట్టుకుని, కాలితో తడుముకుంటూ దిగాను. స్కూటర్ ఆ వారమే మా తమ్ముడి కొడుక్కి ఇచ్చేశాను.

ఇలాంటివి ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. ఎండలోంచి షాపులోకి వస్తే కళ్ళు కుదురుకోవడానికి ఇదివరకు క్షణం పట్టేది, ఇప్పుడు నిలబడి ఆగాలి. చేపల పులుసు మానేశాను. ముల్లు కనపడదు. మా ఆవిడ ముళ్ళు ఏరి పెడతానంటుంది, పిల్లాడికి పెట్టినట్టు పెడుతుంటే తినబుద్ధి కాదు. మా చెల్లెలి కూతురి పెళ్ళిలో ఎదురుగా నవ్విన పెద్దమనిషిని పలకరించకుండా వెళ్ళిపోయానట, 'షాపు బాగా నడుస్తోంది, పొగరెక్కింది' అన్నారని తరవాత తెలిసింది. మనిషి గొంతు వినిపిస్తేగానీ ఎవరో పోల్చుకోలేనని ఎంతమందికని చెప్పుకుంటాం?

గల్లాపెట్టె దగ్గర ఇంకో గొడవ. వంద, రెండొందలు, ఐదొందల నోట్లు వెడల్పు ఒకటే, పొడవు ఒక్కోటి నాలుగు మిల్లీమీటర్లే తేడా. అంచుల్లో వేలికి తగిలే గీతలుంటాయి. వందకి నాలుగు, ఐదొందలకి ఐదు, రెండొందలకి నాలుగు గీతల మధ్య రెండు సున్నాలు. చూపు తగ్గినవాళ్ళ కోసమే పెట్టారు. మంచి ఆలోచనే, కానీ నలిగి చెమటపట్టి వచ్చిన నోటు మీద గీతలెక్కడుంటాయి? నన్ను కాపాడింది ఫోన్ చెల్లింపుల డబ్బా. ఎంత వచ్చిందో అదే గట్టిగా అరిచి చెబుతుంది. మొదట్లో దాని గోల భరించలేక గొంతు తగ్గించి పెట్టేవాణ్ణి.

ఇవన్నీ ఒక ఎత్తు, అక్టోబర్లో ఓ రాత్రి ఒక ఎత్తు. నాకు ఇన్సులిన్ పొద్దున 22, రాత్రి 14 యూనిట్లు. ఎర్రమూత నలభై యూనిట్ల సిరంజి, ఒక్కో సన్నగీత ఒక్కో యూనిట్. ఆ సిరంజిలో మందు ఎలా లాగాలో, బుడగ ఎలా తీయాలో ఎన్ని వందలమందికి నేర్పానో లెక్కలేదు. ఆ రాత్రి 10 గీత అనుకుని 20 గీత నుంచి లెక్కపెట్టుకున్నాను. 14 బదులు 24. పొడుచుకుని, తిని, పడుకున్నాను. రెండింటికి మెలకువ వచ్చేసరికి పంచె చెమటకి తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. అదేమిటో నాకు తెలుసు. లైటు వేసి మీటర్లో చూసుకుంటే అంకె కనపడలేదు. నా వేలు, నా రక్తం, నా మీటర్. "ఏమండీ, ఎంత?" అంటే చెప్పలేను. మా ఆవిడ లాక్కుని చూసింది. 48. నాలుగు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించింది. పావుగంటకి మళ్ళీ గుచ్చి చూసింది. ఆ తరవాత ఇద్దరం నిద్రపోలేదు.

ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే, ఈ జబ్బుని చూసుకోవడానికి మొట్టమొదట కావలసినవి కళ్ళే అని తట్టింది. సిరంజి గీత చూడాలి. మీటర్లో అంకె చూడాలి. స్ట్రిప్పు మీద పేరు చూడాలి. పాదాలకి స్పర్శ తగ్గిందిగనక రోజూ అరికాళ్ళు తిప్పి పుండు పడిందేమో చూడాలి. కళ్ళు పోగొట్టే జబ్బు, కళ్ళు ఉంటేగానీ అదుపులో ఉండదు. మర్నాడే పెన్ను ఇన్సులిన్‌కి మారాను. తిప్పితే యూనిట్‌కో క్లిక్కు వినిపిస్తుంది. క్లిక్కుల లెక్క ఒక్కటే నమ్మొద్దు, పక్కన ఒకరు అంకె చూడాలి అన్నారు డాక్టరుగారు. కాబట్టి పొద్దునా రాత్రీ మా ఆవిడ చూసి 'ఊఁ' అంటేనే పొడుచుకోవడం. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆవిడ 'ఊఁ' కోసం నేనింతగా ఎదురుచూసింది లేదు.

ఐదో ఇంజెక్షన్ అయ్యాక స్కానింగ్‌లో మందం 486 నుంచి 312కి దిగింది. చార్టులో రెండు వరసలు ఎక్కువ చదివాను. డాక్టరమ్మగారు సంతోషించారు. నేనూ అవునవునన్నాను. "ఇంట్లో ఎలా ఉంది?" అనడిగారు. "బాగానే ఉందండి" అన్నాను. ఆవిడ మా ఆవిడ మొహం చూసి, ఆస్పత్రిలోనే చూపు తక్కువైనవాళ్ళకి సాయం చేసే విభాగానికి పంపారు.

అక్కడో అమ్మాయి కాగితం తీసుకుని ప్రశ్నలు చదివింది. ఇరవై ఐదు ప్రశ్నలట, వేరే దేశాల్లోనూ ఇవే అడుగుతారట. అక్షరాల గురించి అడిగేవి తక్కువ. రాత్రిపూట మెట్లు దిగడం కష్టంగా ఉందా? మీరు మాట్లాడుతుంటే ఎదుటివాళ్ళ మొహంలో మార్పు కనిపిస్తుందా? చూపు వల్ల ఎక్కువసేపు ఇంట్లోనే ఉండిపోతున్నారా? చూపు వల్ల చిరాకు పడుతున్నారా? చివరిదానికి "లేదమ్మా" అన్నాను. మా ఆవిడ పకపకా నవ్వింది. ఆ అమ్మాయి నేను చెప్పింది కొట్టేసి మళ్ళీ అడిగింది.

తరవాత, "కిక్కిరిసిన అరలో కావలసిన వస్తువు వెతుక్కోగలరా?" అని అడిగింది. ఆ అమ్మాయికి నేనేం పని చేస్తానో తెలియదు. అందరికీ అడిగేదే నన్నూ అడిగింది. జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. కష్టం లేదు, కొంచెం కష్టం, ఒక మాదిరి, చాలా కష్టం, చూపు వల్ల ఆ పని మానేశాను. "కొంచెం కష్టం" అన్నాను. మా ఆవిడ ఈసారి నవ్వలేదు. మెల్లగా, "మానేశారమ్మా. అన్నీ కుర్రాడే తీస్తున్నాడు" అంది. షాపులో జరిగేది ఆవిడకి తెలుసని నాకు తెలియదు. ఆ అమ్మాయి కాసేపు పెన్ను పక్కన పెట్టి మంచినీళ్ళిచ్చింది.

ఆ రోజు అక్కడిచ్చినవి పెద్ద ఖరీదైనవేం కాదు. లైటు ఉన్న భూతద్దం ఒకటి. సంతకం చేసేచోట పెట్టుకోవడానికి మధ్యలో కంత ఉన్న నల్ల అట్ట. ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఎలా పెట్టుకోవాలో నేర్పారు, ముట్టుకున్నదల్లా తెలుగులో చదువుతుంది. మెట్ల అంచులకి పసుపు టేపు అంటించమన్నారు. తెల్ల పళ్ళెంలో తెల్లన్నం కనపడదు, రంగు పళ్ళెం వాడమన్నారు. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదో! ఇంటికొచ్చి స్టీలు పళ్ళెం తీసేసి ముదురునీలం పింగాణీ కొన్నాం. ఇప్పుడు మీరు చదువుతున్నది కూడా ఫోన్‌లో నోటితో చెబితే అదే రాసింది. రెటీనా అన్నచోటల్లా 'రేటు ఎంత' అని రాస్తే మా అబ్బాయి దిద్దాడు.

షాపు సర్దుబాటు మా ఆవిడ పని. ర్యాకుల మీద నల్ల మార్కర్‌తో అరచెయ్యంత అక్షరాలు రాసింది. ఒకే పేరుతో బలం తేడా ఉన్న మాత్రల్ని పక్కపక్కన పెట్టడం మానేశాం. 1 ఎడమగోడకి, 2 కుడిగోడకి, 4 మాత్రం కౌంటర్ కింద. కుర్రాడికి అసలు కారణం చెప్పాను. "నాకు ఆ రోజే తెలుసండి" అన్నాడు.

హెచ్‌బీఏ1సీ ఇప్పుడు 7.4. ఒకేసారి దించొద్దన్నారు, ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉన్న షుగర్ హఠాత్తుగా పడితే కొందరికి కన్ను మొదట్లో ఇంకా దెబ్బతింటుందట. బీపీ అదుపులో ఉంది. దేశంలో వైద్య పరిశోధనలు చూసే ఐసీఎంఆర్ వాళ్ళు 2023లో మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్లు దాటారని లెక్క చెప్పారు. అందులో నాకు తెలిసినవాళ్ళు మా షాపు మెట్లెక్కే మూడు నాలుగొందల మంది. ఇన్సులిన్ కొనేవాళ్ళని చుక్కలేసి చూపించుకున్నారా అని అడుగుతున్నాను. చూపించుకున్నామంటూ కళ్ళజోడు తీసి చూపిస్తారు.

కుడికన్ను పొద్దున లేవగానే మసగ్గా ఉండి, పదయ్యేసరికి తేటపడుతుంది. ఎడమకంట్లో ఇప్పటికీ రెండు దారాలు ఈదుతున్నాయి. పరీక్ష అయిన రోజు చుక్కల మత్తు దిగేదాకా వైజాగ్‌లోనే గడిపి, సాయంత్రం రైలెక్కుతాం. స్టేషన్ల పసుపు బోర్డులే నా చార్టు. కిటికీ పక్కన నేను, పక్కన మా ఆవిడ, ఎవరు ముందు చదివితే వాళ్ళు గెలిచినట్టు. మొదట్లో దువ్వాడ బోర్డు కూడా రైలు ఆగితేగానీ అందేది కాదు. పోయినవారం దువ్వాడ, అనకాపల్లి, ఎలమంచిలి వరసగా నేనే ముందు చెప్పాను. నర్సీపట్నం రోడ్ దాటాక "గుల్లిపాడు" అన్నాను. మా ఆవిడ కిటికీలోంచి తొంగిచూసింది. బోర్డు ఇంకా రానేలేదు.

"చూసి చెబుతున్నారా, లెక్కపెట్టి చెబుతున్నారా?" అంది.

"ఎలమంచిలి దాకా చూసే చెప్పాను" అన్నాను.